వెలుతురులో తేలే పిండి

మొదట ఇనుము మోగింది. ఠంగ్‌మని ఒక దెబ్బ. ఆ మోత సన్నబడి, ఇంకా సన్నబడి, గాలిలో ఇంకిపోయేదాకా ఆగి మళ్ళీ ఇంకో దెబ్బ. కొట్టే చేతిలో బలం లేదని వింటుంటేనే తెలుస్తోంది. కొట్టకుండా ఉండలేదని కూడా తెలుస్తోంది.

అప్పటికి నేను కూలిన ప్రహరీ మీద ఒక కాలు వేసి ఉన్నాను. గోడకు అవతల, ఎప్పుడో మూతబడిన పవర్‌హౌస్. దాని పొడవాటి చిమ్నీ, పగిలిన కిటికీలు, కిటికీల వెనక నిద్రపోతున్న చీకటి. ఒక ఫొటో చూసి వచ్చాను. ఆ ఫొటోలో వెలుతురుకు శరీరం ఉంది. పైకప్పు దగ్గర పగిలిన అద్దాలలోంచి అది ఏటవాలు స్తంభాలలాగా నేల మీదికి దిగుతోంది. ముట్టుకుంటే చేతికి తగిలేటట్టుంది.

ఠంగ్.

వెనక్కి తిరిగి చూశాను. సందుకు ఇటువైపు ఒకే అచ్చులో పోసినట్టున్న కార్మికుల ఇళ్ళ వరుస. చివరి ఇంటి అరుగు మీద, ప్లాస్టిక్ కుర్చీలో, అరవై దాటిన ఒకావిడ. చూరుకు కట్టిన తీగకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతోంది. ఆమె చేతిలో మోచేతంత స్పానరు. ముక్కు కింద సన్నని పారదర్శకపు గొట్టం. ఆ గొట్టం కిటికీలోంచి లోపలికి పోయింది. లోపల ఏదో యంత్రం తేనెటీగలాగా గుంయ్‌మంటోంది.

"శ్మశానానికి దారి అటు," అంది ఆమె, స్పానరుతో చూపిస్తూ. "పోవాలనుంటే నేరుగా పోవచ్చు. ఈ చుట్టుతిరుగుడు ఎందుకు?"

ఆ వీధిలో ఆమెను ఠంగమ్మ అంటారు. పిల్లలు పెట్టిన పేరు. పెద్దవాళ్ళు మొదట చాటుగా అన్నారు, తరువాత ఎదుటే అన్నారు. ఇప్పుడు ఆక్సిజన్ యంత్రం బాగుచేయడానికి వచ్చే మెకానిక్కు కూడా అదే పేరుతో పిలుస్తాడు. ఆమెకు అభ్యంతరం లేదు. "అరిచే ఓపిక లేకే ఇది కొడుతున్నా. అరవగలిగితే ఈ ఊరికి నా అసలు పేరు గుర్తుండేది," అంది.

ఆమె మాటలు నాలుగేసి కలిసి వస్తాయి. తరువాత ఆగుతాయి. ఆగినచోట భుజాలు లేస్తాయి, మెడ నరాలు బిగుస్తాయి, తెచ్చుకున్న గాలి తరువాతి నాలుగు మాటలకు సరిపోతుంది. ఆ ఆగడాలన్నీ నేను ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్ళే ప్రతి వాక్యం మధ్యలో ఆగి, గాలి కోసం కాస్త ఎదురు చూడాలి.

"అందులో ఏముందని పోతున్నావు?" అంది.

ఫోన్‌లో ఆ ఫొటో చూపించాను. ఆమె చూడలేదు. చూడకుండానే ముఖం గట్టిపడింది.

"తెలుసు. అది తీసింది నా తమ్ముడి కూతురే."

*

పెళ్ళి కాకముందు, పద్దెనిమిది నిండీ నిండకముందు, ఆమె ఆ గోడ లోపలికి పనికి వెళ్ళింది. గొట్టాలలో ఆవిరి పరుగెత్తేది. వేడి బయటికి పోకుండా ఆ గొట్టాలకు కోటు తొడగాలి. మగవాళ్ళు పరంజా మీద నిలబడి పూత పూసేవాళ్ళు, దాని మీద గుడ్డ చుట్టేవాళ్ళు. పూత కలపడం ఆడవాళ్ళ పని. బస్తాలలో తెల్లటి పొడి వచ్చేది. దాన్ని వాళ్ళు పిండి అనేవాళ్ళు. బస్తా మూతి విప్పి, సగానికి కోసిన డ్రమ్ములోకి కుమ్మరించి, నీళ్ళు పోసి మోచేతుల దాకా చేతులు పెట్టి పిసకాలి. కుమ్మరించినప్పుడు గది నిండా మబ్బు లేచేది.

"ఒకరికొకరం కనపడేవాళ్ళం కాదు. దయ్యాల పెళ్ళికి పోతున్నట్టు అందరం తెల్లగా! నవ్వి నవ్వి చచ్చేవాళ్ళం. తడిముద్దలు చేసి విసురుకునేవాళ్ళం. మా ఆయన పరిచయమైంది అట్లాగే. పైనుంచి ఒక ముద్ద నా నెత్తిన పడేశాడు. చేయిజారింది అన్నాడు. మూడుసార్లు జారిందా అన్నాను."

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఆ అమ్మాయి కనిపించి మాయమైంది.

ఆ పిండి రాతినార. అందరికీ తెలిసిన మాటలో ఆస్బెస్టాస్. రాయిలో పుట్టిన నార, దూదికన్నా మెత్తన. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నగా చీలతాయి. ఊపిరితో లోపలికి పోయినవి ఇక బయటికి రావు. అక్కడే ఉండి, ఏళ్ళ తరబడి, తొందరేమీ లేకుండా తమ పని తాము చేసుకుంటాయి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పవర్‌హౌస్ మూతబడ్డాక, మొగుడు ఛాతీ పట్టుకుని మంచానపడ్డాక, పట్నం ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చెప్పింది.

"ముందు చూసిన డాక్టరేమో సిగరెట్ తాగుతావా అని నన్ను అడిగాడు. నన్ను! తాగనన్నాను. పావురాలు పెంచుతావా, వాటి దుమ్ము ఊపిరికి పడదు అన్నాడు. మా ఆయన్ని ఒక్కణ్ణే పెంచాను బాబూ, వేరే ఏం పెంచలేదు అన్నాను."

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"సాయంత్రం పని దిగేటప్పుడు ఏం చేసేవాళ్ళమో తెలుసా?" అంది. "అందరిళ్ళల్లో చంటిపిల్లలు. దుమ్ముతో ఇంటికి పోకూడదని మా పట్టింపు. యంత్రాల మీది దుమ్ము ఊదే గాలిగొట్టం ఒకటి ఉండేది. వరసగా నిలబడేవాళ్ళం, చేతులు రెండూ చాపి. స్నానం చేయించి తుడిచే పిల్లల్లాగా. ఒకరు గొట్టం పట్టుకునేవాళ్ళు. జుట్టు, కాలరు, చెవుల వెనక, జేబుల్లో, అంతా బుస్సుమని ఊదేవాళ్ళు. ఎంత శ్రద్ధ! మా ఆయనకి నేను, నాకు మా ఆయన. కళ్ళు మూసుకోవే అనేవాడు. నోరు మూసుకో అని చెప్పిన వాడు ఒక్కడు లేడు."

స్పానరు ఆమె ఒడిలో కదిలింది.

"చదివినోళ్ళు కొందరు అడుగుతారు, బాధగా లేదా, మీరే ఊదారు కదా అని. ఎందుకు బాధ? నేను ఏడిస్తే వాళ్ళకి తేలిక. ఆ గొట్టం మా చేతికి ఇచ్చిందెవరు? మేనేజరు మా గదికి వచ్చినప్పుడల్లా తలుపు బయటే నిలబడి మాట్లాడేవాడు. లోపల అడుగు పెట్టేవాడు కాదు. ఆడవాళ్ళున్న చోటని మర్యాద అనుకున్నాం! ఎంత మంచివాడో అని చెప్పుకున్నాం! వాడికి తెలుసు. తెలిసే గడప దాటలేదు."

ఆమె మాటల్లో నాకు పరిచయమైన మనుషులందరిలోకి నాకు ఎక్కువగా గుర్తుండిపోయినవాడు ఆ మేనేజరే. నేనెప్పుడూ చూడలేదు. కానీ పవర్‌హౌస్ ఖాళీ గుమ్మం ఏది చూసినా, దాని బయట శుభ్రమైన చొక్కాతో నిలబడి, మర్యాదగా మాట్లాడుతున్న మనిషి కనిపిస్తాడు.

*

మేనకోడలిని ఆమె పొట్టి అంటుంది. పేరుకే పొట్టి, గుమ్మం దాటేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు. ఫొటోలు తీయడం ఆ అమ్మాయి వృత్తి. పాడుబడ్డ కట్టడాల్లో తిరిగి, అక్కడి వెలుతురును పట్టుకొస్తుందని పేరు తెచ్చుకుంది. పెళ్ళి కాబోయే జంటలు వెతుక్కుంటూ వస్తున్నారు. అందరికీ పవర్‌హౌస్ బాయిలర్ గదే కావాలి. ఉదయం ఎండ పైకిటికీలలోంచి పడుతుంది. కానీ వెలుతురు దానంతట అది కనిపించదు. దానికి శరీరం కావాలి. అందుకని ఫొటో తీసే ముందు పెళ్ళికొడుకు స్నేహితుడెవరైనా కర్ర తీసుకుని గొట్టాలను నాలుగు బాదుతాడు. తెల్లటి పొడి రాలుతుంది, లేస్తుంది, ఎండలో బంగారమవుతుంది. అప్పుడు పొట్టి కెమెరా నొక్కుతుంది.

నేను ఇష్టపడి, దాచుకుని, వెతుక్కుంటూ వచ్చిన ఆ వెలుతురు స్తంభాలు అవి.

అత్త ఎన్నోసార్లు చెప్పింది. పొట్టి వినలేదు. వినకపోవడానికి దాని దగ్గర ఒక కారణం ఉంది, పెంకితనం ఒక్కటే కాదు. ఈ ఊళ్ళో ఆస్బెస్టాస్ అంటే రేకులు. గరాజుల మీద, కోళ్ళ షెడ్ల మీద, పేదవాళ్ళ ఇళ్ళ మీద కప్పే బూడిదరంగు రేకులు. ఆ మాటకు వేరే అర్థం ఎవరికీ తెలియదు. పొట్టి ఏ పాత కట్టడానికి వెళ్ళినా ముందు తలెత్తి చూస్తుంది. రేకులుంటే లోపలికి పోదు. అత్త మాట మీద అంత గౌరవం! బాయిలర్ గది పైన రేకులు లేవు.

"శ్లాబు కదత్తా!" అనేదట. "రేకు ముక్క ఒక్కటి చూపించు, మానేస్తాను."

గొట్టాల మీద ఉన్నదేమిటో చెబితే, "అది సున్నం" అనేది. గోడలకు వేస్తారే, అట్లాంటి సున్నం.

మరి ఆ గోడనైనా ఎవరూ ఎందుకు కట్టరు? ఆ మాట అడగడానికి ఠంగమ్మ తన తమ్ముడి ట్యాంకరు ఎక్కి మున్సిపల్ ఆఫీసుకు కూడా పోయింది. తమ్ముడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, పొట్టికి తండ్రి. అక్కను క్యాబిన్‌లో, అక్క సిలిండరును తన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. అక్కడి ఆఫీసరును ఆమె అనుకరించి చూపిస్తుంటే అరుగు మీద ఒక చిన్న నాటకం నడిచింది.

"కట్టడం మాది కాదమ్మా, అది కోర్టు కేసులో ఉంది. గోడ ఒక్కటే మాది, అన్నాడు. సరే బాబూ, మీ గోడ కూలింది, కట్టండి అన్నాను. కూలిపోయింది గోడ ఎట్లా అవుతుందమ్మా, అది ఖాళీ స్థలం కిందికి వస్తుంది అన్నాడు. ఖాళీ స్థలం ఎవరిది నాయనా అన్నాను. కేసులో ఉంది అన్నాడు. నా తమ్ముడు నవ్వాడు, సన్నాసి. నాకు మాత్రం వాడి బల్ల ఎత్తి వాడి మీదే వెయ్యాలనిపించింది. బల్ల ఎత్తే ఊపిరేదీ?"

మళ్ళీ ఆదివారం పొద్దున బాయిలర్ గదిలో ఒక జంట ఫొటోలకు పొట్టి ఒప్పుకుందని ఆమెకు తెలిసింది. తండ్రే నోరు జారాడు.

"రా ఆదివారం," అంది నాతో. "ఏం జరుగుతుందో చూద్దువుగాని."

*

ఆదివారం నేను వెళ్ళేసరికి గోడ కన్నానికి అడ్డంగా, గోడకు ఆనుకుని, పచ్చరంగు నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. పిల్లి దూరడానికైనా సందు లేదు. తాళంచెవి ఠంగమ్మ తన కింద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. డ్రైవరు అరుగు చివర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"అక్కా, నన్ను ఇరికించకు. నా మీద పడి ఏడుస్తుంది."

"ఏడవనీ. ఏడవడానికీ ఊపిరి కావాలి. ఉన్నప్పుడే ఏడవనీ."

ఆటో వచ్చింది. ముందు పొట్టి దిగింది, భుజాన సంచి, చేతిలో కెమెరా. తరువాత పెళ్ళికొడుకు. తరువాత పెళ్ళికూతురు, ఆమె వెనకే సందు ఊడ్చుకుంటూ వచ్చే పొడవాటి తెల్లగౌను. పొట్టి ట్యాంకరును చూసింది, తండ్రిని చూసింది.

"నాన్నా, తియ్యి."

"తాళం అక్క దగ్గరుందే."

"అత్తా, లే."

"లేస్తే పడిపోతాను. పడితే నువ్వే ఎత్తాలి. బరువున్నాను, ఆలోచించుకో."

పెళ్ళికూతురు మంచి పిల్ల. తగవు తీర్చుదామనుకుంది. "మేం మాస్కులు తెచ్చుకున్నామండీ," అంటూ గౌనుకు జోడీగా కుట్టించిన పువ్వుల గుడ్డ చూపించింది.

"పువ్వులు బాగున్నాయమ్మా. అందులోంచి ఏనుగు దూరిపోతుంది, ఇదెంత? అయినా ఫొటో తీసేటప్పుడు అది ముఖం మీద ఉంచుతావా?"

ఆ అమ్మాయి మాస్కు మడిచి దాచేసింది.

"మా ఇంటికి ఆస్బెస్టాస్ రేకులే ఆంటీ," అన్నాడు పెళ్ళికొడుకు, ధైర్యంగా. "పుట్టింది, పెరిగింది వాటి కిందే. నాకేమైంది?"

"నీకేమైందో ఇంకా తెలియదు నాయనా. సరే, అది సిమెంటులో బిగుసుకుని ఉంది. దాన్నైనా కోసేటప్పుడు, పగలగొట్టేటప్పుడు పక్కన నిలబడకు. ఇది వట్టి పిండి. ముట్టుకుంటే లేస్తుంది. మీరు ముట్టుకోవడం కూడా కాదు, కర్ర పట్టుకుని బాదుతారు!"

"పది నిమిషాలేగా ఆంటీ..."

"అవును, పది నిమిషాలే. తరువాత దాన్ని నీ పెళ్ళాం గౌనుకి అంటించుకుని ఇంటికి తీసుకుపో. మడతపెట్టి బీరువాలో దాచుకో. పుట్టబోయే పిల్లకి చూపించు."

పొట్టి సహనం అక్కడితో అయిపోయింది.

"నువ్వు చేసిన పని వేరత్తా! ఏళ్ళ తరబడి, రోజూ, చేతులతో పిసికావు. నేను ఎప్పుడో ఒక పూట వెళ్ళి గంటలో వచ్చేస్తాను. రెండూ ఒకటేనా? నీకొచ్చిందని ఊరందరికీ వస్తుందా? ఎవరు సంతోషంగా ఉన్నా ఆ ఇనుము మోగిస్తూ కూర్చుంటావు!"

సందులో కిటికీలు తెరుచుకున్నాయి. ఠంగమ్మ భుజాలు లేచాయి, దిగాయి. మళ్ళీ లేచాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె కళ్ళు మేనకోడలి మీది నుంచి కదలలేదు. ఆ కళ్ళలో ఉన్న కోపానికి ఊపిరి అక్కర్లేదు.

"నా ఆడపడుచు," అంది చివరికి. "నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందే పోయింది. పవర్‌హౌస్ గడప తొక్కలేదు. పిండి బస్తా ఎట్లా ఉంటుందో తెలియదు. వాళ్ళన్న చొక్కాలు ఉతికేది. ఉతికేముందు దులిపేది. అంతే. అంతే చేసింది. ఎంత పీలిస్తే వస్తుందో, ఎంత పీలిస్తే రాదో నాకు చెప్పు. నువ్వు చెప్పగలిగితే ఇదిగో తాళం."

నిజంగానే తాళం తీసి ముందుకు చాపింది.

పొట్టి తీసుకోలేదు. కానీ ఓడిపోలేదు కూడా. దాని గొంతు సన్నబడింది.

"నాకు ఆ వెలుతురు ఇంకెక్కడ దొరుకుతుంది? స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తియ్యమంటావా?"

"తియ్యి! గడ్డం ఎత్తండి, నవ్వకండి, అను. బతుకుతావు!"

ఆ మాటకు పెళ్ళికొడుకు నవ్వేశాడు, వెంటనే నాలుక కరుచుకున్నాడు. పెళ్ళికూతురు గౌను రెండు చేతులతో నేల మీది నుంచి ఎత్తి పట్టుకుంది. "చెరువు గట్టుకి వెళ్దామా?" అంది పెళ్ళికొడుకుతో, మెల్లగా. వాళ్ళు ఆటో ఎక్కారు. పొట్టి ఎక్కలేదు. కాలినడకన, ఎవరినీ చూడకుండా, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

గెలిచిన మనిషి ఎలా ఉంటుందో చూద్దామని తిరిగాను. ఠంగమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. తమ్ముడు లోపలికి పరుగెత్తి యంత్రం పెంచాడు. ఆమె కళ్ళు మూసుకుని గాలిని చెంచాడు చెంచాడు తాగుతూ చాలాసేపు కూర్చుంది. ఎదుట పవర్‌హౌస్ కిటికీలలో ఎండ మెల్లగా జరిగింది. లోపల ఎవరూ లేని గదిలో వెలుతురు తన శరీరం లేకుండా నేలకు దిగి ఉంటుంది. ఎంత అందమైన ఎండ! ఆ ఎండ మీద కూడా నాకు కోపం వచ్చింది.

*

సాయంత్రం పొట్టి వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టబోతే స్పానరు అడ్డం వచ్చింది.

"ఆగు. ఆ సంచి తీసుకుని బాయిలర్ గదిలోకి దూరావా ఎప్పుడైనా?"

"ఎప్పుడూ అదే సంచి."

"గడప దాటొద్దు. పెరట్లోకి పో. సంచి మీద నీళ్ళు పొయ్యి. బట్టలు విప్పి బకెట్లో నీళ్ళలో ముంచు. దులిపావంటే చంపుతా. తలస్నానం చెయ్యి. నా గౌను తీగ మీద ఉంది."

పొట్టి ఎదురు చెప్పలేదు. దానికే నాకు భయం వేసింది. చాలాసేపు పెరట్లో నీళ్ళ చప్పుడు. అత్త గౌను దానికి మోకాళ్ళ దాకే వచ్చింది. తడిజుట్టుతో వచ్చి అరుగు మెట్టు మీద కూర్చుంది. తండ్రి నవ్వబోయి, కూతురి ముఖం చూసి మానేశాడు.

"అత్తా, మీరు గాలిగొట్టంతో ఊదుకునేవాళ్ళని మధ్యాహ్నం ఇంట్లో నాన్న చెప్పాడు. నాకెప్పుడూ చెప్పలేదే?"

"సిగ్గేసింది. ఎంత తెలివితక్కువ వాళ్ళమో అనుకుంటావని."

పొట్టి తన చేతుల వంక చూసుకుంది.

"కెమెరా లోపల దుమ్ము పడితే పాడైపోతుంది. వచ్చిన ప్రతిసారీ రాత్రి మంచం మీద కూర్చుని శుభ్రం చేస్తాను. చిన్న రబ్బరు బంతి ఉంటుంది. నొక్కితే గాలి వస్తుంది. అద్దం మీద, మూలల్లో, సంచి జేబుల్లో అన్నీ ఊదుతాను. బాగా దగ్గరగా పెట్టుకుని." ఆగింది. "నాన్న పక్క మంచం మీద పడుకుని ఉంటాడు."

లోపల యంత్రం ఒక్కటే గుంయ్‌మంది.

ఠంగమ్మ కోపం చాలా రకాలుగా చూశాను. వెటకారంలో చూశాను, ఇనుములో చూశాను. ఆ క్షణంలో చూసినది వేరు. పెద్ద మృగం ఒకటి గర్జించబోయి, ఎవరి మీద గర్జించాలో తెలియక, గదిలో గోడ నుంచి గోడకు తిరిగినట్టు ఆమె ముఖంలో తిరిగింది. తమ్ముడి వైపు పోయింది, మేనకోడలి వైపు పోయింది, నా వైపు వచ్చింది, సందు దాటి పవర్‌హౌస్ మీదికి పోయింది. అక్కడ గుమ్మం బయట నిలబడే మనిషి ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఎక్కడో శుభ్రమైన గాలి పీల్చుకుంటూ మనవలతో ఆడుకుంటూ ఉంటాడు.

తరువాత ఆమె ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టింది.

"ఆ పరుపు దులపొద్దు. చీపురు ముట్టుకోవద్దు. అంతా తడిగుడ్డ. తుడిచిన గుడ్డ మళ్ళీ వాడొద్దు, తడిగానే సంచిలో కట్టెయ్యండి. రేపు పట్నం పోయి ఆ డాక్టరమ్మని కలవండి, ఇద్దరూ. ఏం చెయ్యాలో ఆమెనే అడగండి. ఆ రబ్బరు బంతి నాకు తెచ్చివ్వు. వద్దు, తేవద్దు! దాన్నీ నీళ్ళలో ముంచు."

"నాకు వస్తుందా అత్తా?"

"తెలియదు."

"ఎప్పుడు తెలుస్తుంది?"

ఆమె అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు.

"నా వయసొచ్చాక తెలుస్తుందే పొట్టీ. రాకపోతే ఆ రోజు నన్ను తిట్టుకో. అనవసరంగా భయపెట్టిందీ ముసల్ది అని నోరారా తిట్టుకో."

పొట్టి అప్పుడు ఏడ్చింది. తండ్రి దాని తడితల మీద చెయ్యి వేసి ఉంచాడు. ఏడ్చి, ముక్కు చీది, ఫోన్ తీసింది. బాయిలర్ గది ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తీసేయడం మొదలుపెట్టింది. కొన్ని అప్పటికే వేరేవాళ్ళు పెట్టేసుకున్నారు. చోటు ఎక్కడుందో, గోడ ఎక్కడ కూలిందో, ఏ వేళకు ఎండ పడుతుందో అంతా తనే రాసి పెట్టింది ఒకప్పుడు. అది ఇప్పుడు ఎన్ని చేతుల్లో ఉందో పొట్టికే తెలియదు.

"నేను మానేస్తే సరిపోదు నాన్నా," అంది. "వచ్చే ఆదివారం ఇంకెవరో వస్తారు. ట్యాంకరు ఎన్నాళ్ళు పెడతావు?"

డ్రైవరు తల గోక్కున్నాడు. ట్యాంకరు పొద్దున్నే నీళ్ళకు పోవాలి. తనకు తెలిసిన ఇటుకల బట్టీ ఒకటి ఉందనీ, విరిగిన ఇటుకలైతే ఊరికే ఇస్తారనీ, ట్యాంకరు వెనక తొట్టి కట్టుకుని తేగలననీ అన్నాడు. కన్నం మరీ పెద్దదేం కాదన్నాడు. ఆఫీసులో అడగాలేమో అన్నాడు. అక్క చూసిన చూపుకు ఆ మాట అక్కడే మింగేశాడు.

వెలుతురు తగ్గింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. పొట్టి అప్పటికే రేపటి కోసం తాపీ ఎవరి దగ్గర ఉందో ఫోన్‌లో అడుగుతోంది, గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంటూ. ఠంగమ్మ దాని వంక చూసి, నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. వంగాను. గొంతు తగ్గించి, నాలుగేసి మాటలుగా, ఒక్కొక్క మాటా పళ్ళ మధ్య నొక్కి పట్టి చెప్పింది:

"పొద్దున్నే వచ్చెయ్యి. సిమెంటు బస్తా విప్పేది నువ్వే. ముందు నీళ్ళు చల్లు, తరువాత విప్పు. పొట్టిని మాత్రం దాని దరిదాపులకి రానివ్వకు, చెప్తున్నా."